కణం బ్రతుకు, కణం చావు: డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు

ప్రవాసాంధ్రుల ఉగాది సంచికలలో యల్లాప్రగడ సుబ్బారావుగారి పేరు కనబడని సంవత్సరం అరుదు. భీమవరంలో పుట్టి, చెన్నపట్నంలో చదివి, అమెరికాలో కన్నుమూసిన మహనీయుడని వ్రాస్తాము. ఆయన చేతిమీదుగా వచ్చిన మందుల పేర్లు వరసగా పేరుస్తాము. నోబెల్ బహుమానం రాలేదే అని నిట్టూరుస్తాము. అంతటితో వ్యాసం ముగుస్తుంది. ఈమారు ఆ పట్టికను కొంచెం పక్కకు పెట్టి, ఆయన జీవితాన్ని ఒకే దారం పట్టుకొని చెప్పదలచినాము. ఆ దారం జీవకణం యొక్క చావు. పండుగపూట ఇదేమి మాట అని పెద్దలు కోపగించుకోవద్దు. ఊపిరితిత్తుల క్యాన్సరు వచ్చిన మనిషికి శస్త్రచికిత్స చేసి కంతిని తీసివేసిన తరువాత, ఇక ముందు ఆ మనిషి సంగతి ఎట్లా ఉంటుందో వైద్యులు అంచనా కడతారు. ఆ అంచనాకు చూసేవాటిలో కంతిలో ఎన్ని కణాలు చచ్చినవి, ఎందువల్ల చచ్చినవి అనేది ఒకటి. ఆ లెక్క వెనుక రెండు చోట్ల మన సుబ్బారావుగారి చెయ్యి ఉన్నది.

ఆయన 1895వ సంవత్సరం జనవరి 12వ తేదీన భీమవరంలో పుట్టినారు. తండ్రి జగన్నాథంగారు రెవిన్యూ శాఖలో చిన్న ఉద్యోగి, తల్లి వెంకమ్మగారు. ఏడుగురు పిల్లలలో ఈయన నాలుగోవాడు. ఇల్లు గడవడమే కష్టం. పదమూడేళ్ళ వయస్సులో, కాశీలో యాత్రికులకు అరటిపండ్లు అమ్మి డబ్బు గడిస్తానని ఇంటినుండి పారిపోయినాడనీ, దారిలోనే పట్టుకొని తీసుకువచ్చినారనీ చెప్పుకుంటారు. చదువులోనూ మొదట్లో అంత చురుకు కాదు. రాజమహేంద్రవరంలో ఆరంభమైన చదువు తిరువల్లిక్కేణి హిందూ హైస్కూలుకు వచ్చి, మూడో దఫాకు గాని మెట్రిక్యులేషన్ గట్టెక్కలేదు. పరీక్ష తప్పిన పిల్లవాణ్ణి ఇంట్లో చిన్నబుచ్చే తలిదండ్రులు ఈ వాక్యం మరొకసారి చదువుకోవచ్చును.

ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటరు చదివినారు. ఆ రోజులలో మనస్సు రామకృష్ణ మఠంవైపు లాగింది. సన్యాసానికి తల్లి ఒప్పుకోలేదు. వైద్యం చదివితే రోగులకు సేవ చెయ్యవచ్చునని మద్రాసు మెడికల్ కాలేజీలో చేరినారు. ఖర్చుకు సాయపడిన కస్తూరి సూర్యనారాయణమూర్తిగారి కుమార్తె శేషగిరిగారినే 1919లో పెండ్లాడినారు. గాంధీగారి పిలుపు విని శస్త్రచికిత్స గదిలోకి ఖద్దరు దుస్తులతో వెళ్ళినందున ఆచార్యునికి ఆగ్రహం కలిగింది. ఫలితంగా ఎం.బి.బి.ఎస్. రావలసిన చోట ఎల్.ఎం.ఎస్. పట్టా చేతికి వచ్చింది. దానితో మద్రాసు వైద్యశాఖలో ప్రవేశం దొరకక ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణ శాస్త్రం బోధించడానికి కుదిరినారు.

ఈ మధ్యలోనే ఆ ఇంటిమీద పిడుగు పడింది. సంగ్రహణి, ఇంగ్లీషు వైద్యులు ట్రాపికల్ స్ప్రూ అనే జబ్బు, ఆయన సోదరులు ఇద్దరిని కొద్ది రోజుల ఎడంలో తీసుకొనిపోయింది. ఆయనకే ఆ జబ్బు సోకితే ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సతో కోలుకొన్నారు. ఈ జబ్బులో పేగు పాడై, తిన్న తిండిలోని సారం ఒంటికి పట్టదు. అట్లా పట్టకుండాపోయే సారాలలో ఒకటి లేకపోతే ఎముకల మూలుగలో కణాలు విభజన చెందలేవు. అవి పెద్దవిగా ఉబ్బి అక్కడే నశిస్తవి, ఒంట్లో రక్తం తరిగిపోతుంది. అన్నదమ్ముల ఒంట్లో కొరవడిన ఆ సారానికి అప్పటికి పేరు లేదు. పాతికేళ్ళ తరువాత దానిని మూటలకొద్దీ తయారుచేయించినది ఆయనే.

1922లో, మామగారి సాయంతోనూ కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన డబ్బుతోనూ ఓడ ఎక్కినారు. ఆ అక్టోబరు 26న బోస్టను చేరినారు. హార్వర్డులో ఉష్ణదేశ వ్యాధుల చదువుకు ప్రవేశమైతే దొరికింది గాని విద్యార్థివేతనం లేదు. రాత్రిళ్ళు ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు కడిగి పొట్టపోసుకొన్నారు. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన ఎల్.ఎం.ఎస్. డాక్టరుకు ఆ పని ఎట్లా ఉండి ఉంటుందో మేము ఊహించి వ్రాయము. మన పెద్దలలో ఊరుకాని ఊరు వచ్చి తొలినాళ్ళలో దొరికిన పని చేసినవారు చాలామంది ఉన్నారు, వారికి చెప్పనక్కరలేదు.

తరువాత జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్కే అనే ఆచార్యుని దగ్గర చేరినారు. రక్తంలోనూ మూత్రంలోనూ భాస్వరం ఎంత ఉన్నదో రంగును బట్టి కొలిచే పద్ధతిని వీరిద్దరూ 1925లో ప్రకటించినారు. ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అనే పేరుతో అది విద్యార్థుల పాఠ్యగ్రంథాలకు ఎక్కింది. ఆ కొలతే పెద్ద తలుపు తెరిచింది. కండలలో భాస్వరం ఏయే రూపంలో ఉన్నదని వెదుకుతూ 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌నూ, 1929లో అడినోసిన్ ట్రైఫాస్ఫేట్, అనగా ఏ.టి.పి.నీ బయటకు తీసినారు. అదే ఏడు జర్మనీలో లోమాన్ కూడా ఏ.టి.పి.ని కనుగొన్నాడు. కీర్తి పంపకంలో ఆయన వాటా ఆయనకు ఇవ్వడం న్యాయం.

ఏ.టి.పి. అంటే ఏమిటి? కణం చేతిలో ఉన్న చిల్లర అనుకోవచ్చును. కండ ముడుచుకోవాలన్నా, కొత్త పదార్థం కట్టాలన్నా, ఉప్పును బయటికి తోడాలన్నా ఈ చిల్లర చెల్లించవలసిందే. ఫాస్ఫోక్రియాటిన్ పెట్టెలో దాచిన డబ్బు. చిల్లర అయిపోతే దానినుండి తీసి క్షణంలో భర్తీ చేసుకొంటుంది. అంతకుముందు కండలోని శక్తి గ్లైకోజన్ లాక్టిక్ ఆమ్లంగా మారడంవల్ల నేరుగా వస్తుందని పండితులు నమ్మినారు. ఆ రంగంలో కృషికి హిల్, మేయర్‌హాఫ్ అనే ఇద్దరికి 1922 సంవత్సరపు నోబెల్ బహుమానం కూడా దక్కింది. భాస్వరపు లెక్కలు వచ్చిన తరువాత ఆ సిద్ధాంతాన్ని తిరగవ్రాయవలసి వచ్చింది.

ఇక్కడ కథను కొంచెం ఆపి, ఊపిరితిత్తుల కంతి దగ్గరకు వెళ్ళాలి. కణం చేతిలో చిల్లర ఉండగా చావడం వేరు, చిల్లర లేక చావడం వేరు. 1972లో కెర్, వైలీ, కరీ అనే ముగ్గురు స్కాట్లండులో పనిచేస్తూ, కణాలు ఒక పద్ధతి ప్రకారం తమంతట తాము ముడుచుకొని, ముక్కలై, చుట్టుపక్కల కణాలకు ఆహారమైపోయే చావు ఒకటి ఉన్నదని చెప్పి దానికి అపాప్టోసిస్ అని పేరు పెట్టినారు. చెట్టునుండి ఆకులు రాలడానికి గ్రీకులు వాడే మాట అది. శిశిరంలో ఆకు రాల్చి వసంతంలో చిగిర్చే చెట్టుకు రాలడం కూడా పనిలో భాగమే. ఆ పనికి ఖర్చున్నది. ఆ ఖర్చు ఏ.టి.పి. 1997లో జర్మనీలోనూ జపానులోనూ జరిగిన ప్రయోగాలలో, ఒకే దెబ్బ తిన్న కణం చేతిలో ఏ.టి.పి. ఉంటే పద్ధతిగా రాలిపోతుందనీ, ఏ.టి.పి. అడుగంటితే ఉబ్బి పగిలి చస్తుందనీ తేలింది. ఈ రెండో చావును నెక్రోసిస్ అంటారు. పగిలిన కణంలోని సరకంతా చుట్టూ చిమ్మి వాపు పుట్టిస్తుంది.

కంతి మధ్యలో ఈ రెండో చావు ఎందుకు కనబడుతుంది? ఇంగ్లండులో టామ్లిన్సన్, గ్రే అనే ఇద్దరు ఊపిరితిత్తుల క్యాన్సరు ముక్కలనే సూక్ష్మదర్శిని కింద కొలిచి 1955లో ఒక వ్యాసం ప్రకటించినారు. క్యాన్సరు కణాలు త్రాళ్ళవలె గుత్తంగా పెరుగుతవి, రక్తనాళాలు వాటి బయట ఉంటవి. త్రాడు సగం మందం 160 మైక్రానులకు తక్కువగా ఉంటే లోపల చచ్చిన భాగం కనబడలేదు, 200 దాటితే చచ్చిన భాగం లేని త్రాడు లేదు. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు. అంటే రక్తం నుండి ప్రాణవాయువు రెండు కాగితాల మందం మాత్రమే చొచ్చుకొనిపోగలదు. ఆపైన ఉన్న కణాలకు ఊపిరి అందక, చిల్లర అడుగంటి, చచ్చిపోతవి.

కనుక మందు ఏదీ ఇవ్వకముందు కోసి తీసిన ఊపిరితిత్తుల కంతిలో చచ్చిన భాగం విస్తారంగా ఉంటే సంతోషించవలసినది లేదు. రక్తనాళాలు అందుకోలేనంత వేగంగా అది పెరిగిందని అర్థం. అటువంటి రోగులలో జబ్బు తిరగబెట్టడం ఎక్కువగా ఉంటుందని అనేక పరిశీలనలలో కనబడింది. పైగా ఊపిరి అందని మేరకు అంచున బ్రతికి ఉన్న కణాలు రేడియం కిరణాలకూ, ఎక్స్‌రేలకూ సులభంగా లొంగవు. అయితే ఇది ఒక్కటే తీర్పు కాదు. కంతి ఎంత పెద్దది, గ్రంథులకు పాకిందా, దూరపు అవయవాలకు పోయిందా అన్న వాటి బరువు ఎక్కువ. రిపోర్టులో నెక్రోసిస్ అన్న మాట చదివి, క్యాన్సరు చచ్చిపోయిందట అని పండుగ చేసుకొన్నవారినీ, అదే మాట చూసి ఆశ వదులుకొన్నవారినీ మేము విన్నాము. రెండూ తొందరపాటే. చికిత్సకు ముందు కనబడిన చావు ఒక రకం, చికిత్స తరువాత కనబడే చావు మరొక రకం. ఈ రెండోదాని చరిత్రకోసం మళ్ళీ సుబ్బారావుగారి దగ్గరకు రావాలి.

1930లో పిహెచ్.డి. వచ్చింది గాని హార్వర్డులో ఆయనకు స్థిరమైన ఆచార్యపదవి రాలేదు. తన పేరు చాటుకొనే స్వభావం లేదు. ఫిస్కే ఆధ్వర్యంలో చేసిన పని కొంత వెలుగు చూడనేలేదనీ, ఆయన అప్పుడే వేరుచేసిన కొన్ని పదార్థాలను చాలాకాలం తరువాత ఇతరులు మళ్ళీ కనిపెట్టవలసి వచ్చిందనీ, అదే శాఖలో చదివి 1988లో నోబెల్ బహుమానం పొందిన జార్జి హిచింగ్స్ చెప్పినాడు. 1940లో సుబ్బారావుగారు న్యూయార్కు రాష్ట్రంలో పెర్ల్ రివరు అనే ఊరిలోని లెడర్లీ మందుల కంపెనీకి వెళ్ళినారు, 1942కు అక్కడ పరిశోధనశాఖకు అధిపతి అయినారు.

అక్కడ పూర్తిగా తలమునకలైన పని కాలేయంలోని ఆ పేరులేని సారం. బొంబాయి గర్భవతులలో ఒక రకం పాండురోగం ఈస్టు సారంతో నయమవుతుందని లూసీ విల్స్ అనే ఇంగ్లీషు వైద్యురాలు అప్పటికే చూపినది. లెడర్లీ బృందం ఆ పదార్థాన్ని శుద్ధిచేసి, నిర్మాణం తేల్చి, కృత్రిమంగా తయారుచేసింది. అదే ఫోలిక్ ఆమ్లం. 1946లో సైన్స్ పత్రికలో వచ్చిన ఆ వ్యాసానికి పదహారుమంది పేర్లు ఉన్నవి, వాటిలో సుబ్బారావుగారిది ఒకటి మాత్రమే. నేడు మన ఇళ్ళలో కడుపుతో ఉన్న ఆడపిల్లకు మొదటినెలల్లోనే ఇచ్చే చిన్న మాత్ర ఇదే. సంగ్రహణి రోగులకు పట్టకుండా పోయినదీ ఇదే.

దానిని ఇస్తే మూలుగలో కణాలు విభజన చెందుతవి. మరి అక్కరలేని కణాలు విపరీతంగా విభజన చెందే జబ్బులో ఇస్తే? బోస్టను పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బరు ఉన్నాడు. ఆయన పెథాలజిస్టు, అంటే చచ్చినవారి అవయవాలనూ, కోసి తీసిన ముక్కలనూ పరీక్షించే వైద్యుడు. రక్తపు క్యాన్సరు వచ్చిన పిల్లలకు లెడర్లీనుండి వచ్చిన ఫోలిక్ ఆమ్లపు రూపాలు ఇచ్చి చూసినాడు. జబ్బు తగ్గకపోగా మూలుగలో క్యాన్సరు కణాలు మరింత చెలరేగినవని ఆయనకు తోచింది. ఆ పిల్లల సంగతి తలచుకొంటే మనస్సు కలుక్కుమంటుంది. అయినా ఆయన ఆ చేదు ఫలితాన్ని దాచలేదు. తిండి పెడితే పెరిగేది తిండి తీసివేస్తే చావాలి కదా అని ఆలోచించినాడు. ఫోలిక్ ఆమ్లంవలెనే కనబడుతూ దాని పని చెయ్యని నకిలీ కావాలి. సుబ్బారావుగారి నాయకత్వంలో లెడర్లీ రసాయనికులు అటువంటివి అప్పటికే చేస్తున్నారు. అందులో ఒకటి అమినాప్టెరిన్.

1947 చివరనుండి ఫార్బరు దానిని పిల్లలకు ఇచ్చినాడు. 1948 జూనులో ఫలితం అచ్చయింది. పదహారుమంది పిల్లలలో పదిమందికి జబ్బు తగ్గుముఖం పట్టింది. మూలుగలో క్యాన్సరు కణాలు నశించి, మంచి రక్తకణాలకు చోటు దొరికింది. కొద్ది నెలల తగ్గుదలే, తరువాత జబ్బు తిరిగివచ్చింది. కాని అంతకుముందు ఆ కొద్ది నెలలు కూడా లేవు.

ఆ కణాలు ఎందుకు చచ్చినవి? కణం రెండుగా చీలే ముందు తన డి.ఎన్.ఏ.కు నకలు వ్రాసుకోవాలి. ఆ వ్రాతలో థైమిన్ అనే అక్షరం తయారుకావడానికి ఫోలిక్ ఆమ్లం కావాలి. నకిలీ మందు ఆ దారి మూసివేస్తుంది. అక్షరం లేక వ్రాత మధ్యలో తెగిపోతుంది, తెగిన వ్రాతను చూసుకొన్న కణం చావుకు సిద్ధపడుతుంది. అది సాధారణంగా చిల్లర ఉండగానే జరిగే చావు, ఆకు రాలే చావు. తాను తొలి ఏళ్ళలో కనిపెట్టిన పదార్థం, చివరి ఎనిమిదేళ్ళలో చేయించిన మందు, రెండూ ఒకే చావులో కలుస్తవని ఆయనకు తెలిసే అవకాశం లేకపోయింది. అపాప్టోసిస్ అన్న పేరు రావడానికి మరి ఇరవైనాలుగేళ్ళు పట్టింది.

1948 ఆగస్టులో, ఫార్బరు వ్యాసం అచ్చయిన రెండు నెలలకు, నిద్రలోనే ఆయన గుండె ఆగింది. వయస్సు 53. అమెరికా పౌరసత్వం తీసుకోనే లేదు. మూడేళ్ళలో తిరిగివస్తానని చెప్పి వచ్చిన మనిషి ఇరవైఅయిదేళ్ళకు పైగా ఉండి మళ్ళీ స్వదేశం చూడలేదు. ఆయన వెళ్ళిన తరువాత పుట్టిన కొడుకు పసితనంలోనే పోయినాడు. శేషగిరిగారు ఎదురుచూస్తూ ఉండిపోయినారు. ఆయన చరిత్ర వ్రాసేవారు ఈ సంగతిని ఒక్క వాక్యంలో దాటుకొనిపోతారు. పరదేశంలో పనికోసం వెళ్ళినవారి ఇళ్ళలో ఉండిపోయినవారు ఏమి భరిస్తారో ఎరిగిన మాకు అది ఒక్క వాక్యపు సంగతిగా తోచలేదు. బోదకాలుకు వాడే డైఇథైల్‌కార్బమజీన్, డగ్గరు కనిపెట్టిన ఆరియోమైసిన్ కూడా ఆయన హయాంలోనే లెడర్లీనుండి వచ్చినవి. వాటిని గురించి పూర్వపు సంచికలలో వ్రాసి ఉన్నాము.

అమినాప్టెరిన్‌కు తమ్ముడు మెథోట్రెక్సేటు. నేడు కీళ్ళవాతానికి వారానికి ఒక్కమారు ఇచ్చే మాత్ర అదే. పొరపాటున రోజూ మింగితే ప్రాణాపాయమని తెలుసుకొని ఉండాలి. 1956లో లీ, హెర్ట్జ్ అనే వైద్యులు దానిని మావి కణాలనుండి పుట్టే కోరియోకార్సినోమా అనే క్యాన్సరుకు ఇచ్చినారు. అది ఊపిరితిత్తులకు పాకి ఉన్న స్త్రీలలో ఎక్స్‌రేలోని నీడలు మాయమైనవి. లీ అక్కడితో ఆగలేదు. నీడలు పోయినా ఆ కణాలు విడిచే హార్మోను మూత్రంలో కనబడుతున్నంతకాలం మందు కొనసాగించినాడు. అందుకు ఉద్యోగం పోగొట్టుకొన్నాడు. తరువాత చూస్తే, ఆయన పట్టుబట్టి మందు ఇచ్చినవారే నిలిచినారు. కంతి చిన్నదైందా అన్నది కాదు, బ్రతికి ఉన్న కణం మిగిలిందా అన్నదే అసలు ప్రశ్న అని ఆనాడే తేలింది.

ఊపిరితిత్తులలోనే పుట్టే క్యాన్సరుమీద మెథోట్రెక్సేటు ఆట్టే పనిచెయ్యలేదు. ఆ కొరత తీరడానికి దారి సీతాకోకచిలుకలనుండి వచ్చింది. ఎడ్వర్డ్ టేలర్ అనే అమెరికను రసాయనికుడు విద్యార్థిగా ఉన్న రోజులలో, ఆ పదహారుమంది పేర్లున్న సైన్స్ వ్యాసం చదివినాడు. సీతాకోకచిలుక రెక్కల రంగులో ఉండే ఉంగరపు నిర్మాణమే కాలేయంలోని ఈ సారంలోనూ ఉన్నదని ఆశ్చర్యపోయినాడు. జీవితమంతా ఆ ఉంగరాన్ని మార్చి మార్చి చూసినాడు. చివరకు ఎలై లిల్లీ కంపెనీతో కలిసి చేసిన పెమెట్రెక్సెడ్ 2004లో అమెరికాలో అనుమతి పొందింది. ఫోలిక్ ఆమ్లపు దారులను ఒకటి కాదు, అనేకం మూసివేసే మందు అది. ఊపిరితిత్తుల క్యాన్సరులో పొలుసు కణాల రకం కానివాటికి దానిని వాడతారు.

ఇప్పుడు కొందరు రోగులకు శస్త్రచికిత్సకు ముందే మందులిచ్చి, తరువాత కంతిని కోసి తీస్తారు. పెథాలజిస్టు ఆ ముక్కలను పరీక్షించి, కంతి ఉండిన మేరలో బ్రతికి ఉన్న క్యాన్సరు కణాలు నూటికి ఎంత అని లెక్కిస్తాడు. పదికి మించకపోతే మంచి ఫలితంగా ఎంచుతారు, ఒక్కటీ లేకపోతే మరీ మంచిది. 2022లో ప్రకటితమైన ఒక పరీక్షలో 358 మందిని రెండు వర్గాలు చేసినారు. మామూలు మందులు మాత్రమే తీసుకొన్నవారిలో నూటికి ఇద్దరికి ఒక్క బ్రతికిన కణమూ మిగలలేదు. వాటితోపాటు రోగనిరోధక శక్తిని విడిపించే నివోలుమాబ్ కూడా తీసుకొన్నవారిలో అటువంటివారు నూటికి 24 మంది. అట్లా ఏమీ మిగలనివారికి జబ్బు తిరగబెట్టకుండా ఎక్కువకాలం గడిచింది. ఆ పరీక్షలో వాడిన మామూలు మందులలో పెమెట్రెక్సెడ్ ఒకటి.

ఆ మందు ఇచ్చే ముందు వైద్యులు తప్పక చేసే పని ఒకటి ఉన్నది. మొదటి సూదికి వారం రోజుల ముందే బి12 విటమిను సూది ఇచ్చి, ఫోలిక్ ఆమ్లం మాత్రలు మొదలుపెడతారు. మందు పేగునూ మూలుగనూ మరీ దెబ్బతియ్యకుండా ఉండడానికి అది. చివరి సూది అయిన మూడు వారాలదాకా రోగి ఆ మాత్ర రోజూ వేసుకొంటాడు.